చర్చికి చెట్లే చీర
(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



చర్చి అనగానే మీ కళ్ళముందు ఏ బొమ్మ మెదులుతుంది? ఎత్తయిన గంటగోపురం, పైన శిలువ, రంగుటద్దాల కిటికీలు, ఆదివారంనాడు పొద్దున్నే తెల్లచీరలు కట్టుకొని బైబిలు చేతపట్టుకు వెళ్ళే ఆడవాళ్ళు – ఇవే కదా! చెట్టు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మన పట్టణాల్లో పాత మిషన్ కాంపౌండులు చూసినవారికి తెలుసు, అక్కడ చర్చికంటే ముందుగా కనిపించేవి చింతలు, వేపలు, నిద్రగన్నేర్లు. అయినా వాటిని చర్చిలో భాగమని ఎవరూ అనుకోరు. గోడలోపల ఉన్నది దేవునిది, గోడబయట ఉన్నది ఖాళీస్థలం, అంతే!

ఈరోజు నేను మీతో ముచ్చటించదలచినది ఆ గోడబయట సంగతే. క్రైస్తవులు కాని సోదరీమణులు ‘ఇది మనకు సంబంధించినది కాదులే’ అని రేడియో కట్టేయకండి. గుడికి నందనవనం ఎందుకు పెంచేవారో, రావిచెట్టుకు పసుపుకుంకుమలు ఎందుకు పెడతారో తెలిసిన మీకు ఈ కథ నాకంటే బాగా అర్థమవుతుంది.

కథ మన దేశంలోది కాదు, ఇథియోపియాది. ఆఫ్రికాలో క్రైస్తవం అంటే తెల్లదొరలు తెచ్చి పెట్టినదే అని చాలామంది అనుకుంటారు. ఇథియోపియా విషయంలో అది నిజం కాదు. 4వ శతాబ్దంలోనే ఆక్సుమ్ రాజ్యాన్ని ఏలిన ఎజానా అనే రాజు క్రైస్తవుడైనాడు. అప్పటినుంచి నేటివరకు అక్కడి తెవాహెదో సంఘం తన భాషలో, తన పద్ధతిలో ఆరాధన సాగిస్తూనే ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళతారు. ఏడాదిలో సగానికి పైగా ఉపవాసాలే. ఆడవాళ్ళు తెల్లని నూలు వస్త్రం తలమీదుగా కప్పుకుంటారు. మన పల్లెటూరి చర్చిలో కూర్చున్నట్టే ఉంటుందంటే నమ్మండి.

ఆ దేశపు ఉత్తరభాగంలో తానా అనే పెద్ద సరస్సు ఉంది. నీలనైలు నది పుట్టేది అక్కడే. ఆ సరస్సుకు తూర్పున దక్షిణ గోండార్ అనే ప్రాంతం. విమానంలోంచి చూస్తే మైళ్ళ తరబడి దున్నిన పొలాలు, గోధుమరంగు నేల, మేసి మేసి బోడిగా మారిన గుట్టలు. ఆ బోడినేలమీద అక్కడొకటి అక్కడొకటి ఆకుపచ్చ బొట్లు పెట్టినట్టు గుండ్రని వనాలు. ప్రతి బొట్టు నడుమ ఒక గుండ్రని కప్పు. అది చర్చి! ఆ ఒక్క ప్రాంతంలోనే ఇటువంటి చర్చిలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఒకప్పుడు ఆ కొండనేలంతా పరచుకున్న అడవిలో నేడు మిగిలినది చాలామటుకు ఈ చర్చిల చుట్టూ ఉన్నదే. తక్కినదంతా సేద్యానికి, వంటచెరుకుకు, పశువుల మేతకు పోయింది.

ఎందుకు మిగిలింది? ఏ అటవీశాఖవారో కాపలా పెట్టినందుకు కాదు. పర్యావరణ దినోత్సవాలు జరిపి ఉపన్యాసాలు ఇచ్చినందుకూ కాదు. ఆ చర్చి నడిబొడ్డున, గర్భగుడివంటి గదిలో, ‘తాబోత్’ అనే పవిత్రమైన పలక ఉంటుంది. మోషే కాలంనాటి నిబంధన మందసానికి అది గుర్తు. పూజారులు తప్ప మరెవరూ దాన్ని చూడకూడదు. ఆ పలకనుంచి పవిత్రత వలయాలు వలయాలుగా బయటికి వ్యాపిస్తుందని వారి నమ్మకం. మొదట లోపలి గది, తరువాత ప్రసాదం పుచ్చుకొనే చోటు, తరువాత పాటలు పాడే వసారా, తరువాత ఆవరణ, ఆ తరువాత అడవి. అంటే అడవి చర్చికి బయట ఉన్నది కాదు, చర్చిలోనే ఆఖరి గది అన్నమాట! చెట్లు చర్చికి కట్టిన బట్టలని అక్కడివారు అంటారు. చెట్టు కొట్టడమంటే దేవుని యింటిని వివస్త్రను చేయడమే. ఇంకొక మాట కూడా ఉంది, నాకు మరీ నచ్చింది. ఆ కొమ్మల పందిరి లేకపోతే చేసిన ప్రార్థనలు ఆకాశంలోకి చెదిరిపోతాయట!

ఇక్కడ మన ఆడవాళ్ళకు సంబంధించిన సంగతి ఒకటుంది. నెలసరి రోజుల్లో అక్కడ కూడా స్త్రీలు చర్చి లోపలికి వెళ్ళరు. ఆవరణలో నిలబడే ఆరాధన వింటారు. ఆ ఆచారం మంచిదా కాదా అనే చర్చ ఇంకొకరోజు చేసుకుందాం, నా అభిప్రాయం మీరు ఊహించగలరు. కాని చెట్టుకింద నిలబడి దేవుని మాట వినడమంటే ఏమిటో ఆ స్త్రీలకు తెలిసినంతగా లోపల కూర్చున్న పెద్దమనుషులకు తెలియదేమో అని మాత్రం అనిపిస్తుంది.

1975లో అక్కడి సైనిక ప్రభుత్వం దేశంలోని వ్యవసాయ భూములన్నీ జాతీయం చేసింది. శతాబ్దాలుగా చర్చి చేతిలో ఉన్న పొలాలు పోయాయి. చర్చి చుట్టూ ఉన్న వనం మాత్రం నిలిచింది. ఇటలీవారు ఆ దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో, 1938లో, విమానాలనుంచి తీసిన ఫోటోలు దొరికితే, పరిశోధకులు వాటిని నేటి ఫోటోలతో పోల్చి చూశారు. ఎనభై ఏళ్ళలో రాజులు పోయారు, సైనికులు వచ్చి పోయారు, కరవులు వచ్చాయి, జనం ఎన్నో రెట్లు పెరిగారు. చర్చి వనాల విస్తీర్ణం మాత్రం పెద్దగా తగ్గలేదు!

ఇంతవరకు విని ‘ఆహా, ఎంత భక్తి!’ అనుకొని తృప్తిపడితే పొరపాటే. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

అలెమాయెహు వాస్సీ అనే ఇథియోపియా శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన ఈ చర్చి వనాలమీదే పరిశోధన చేసి 2007లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 28 చర్చిల చుట్టూ తిరిగి లెక్కపెడితే 168 రకాల చెట్లు, పొదలు, తీగెలు కనిపించాయి. జునిపెర్, బైబిల్లో మనం వినే ఒలీవకు అడవి చెల్లెలు, మన విరిగిచెట్టుకు దాయాది అయిన వాంజా. బయట ఎక్కడా కనిపించని రకాలు అక్కడ ఉన్నాయి. కాని ఆయన తల ఎత్తి చూడడంతో ఆగలేదు, తల దించి నేలకూడా చూశాడు. చూస్తే ఏముంది? మానులున్నాయిగాని మొలకలు లేవు! అన్నీ ముదుసలి చెట్లే. పిల్లల అలికిడి లేని వృద్ధాశ్రమంలా ఉందన్నమాట. పైనుంచి ఫోటో తీస్తే పచ్చగానే ఉంటుంది. ఆ ముసలివి ఒక్కొక్కటే కూలిపోతే తరువాత ఏమిటి?

ఎవరు తింటున్నారు ఆ మొలకల్ని? ఊరి పశువులు. వాటికేం తెలుసు, పవిత్రమో కాదో! పశువులు రాకుండా కొంత మేర కంచె వేసి, పక్కనే కంచె లేకుండా కొంత మేర వదిలి ఆయన పరీక్ష చేశాడు. కంచెలోపల మొలకలు బతికాయి. మన పెరట్లో కరివేపాకు మొక్కకు ముళ్ళకంప కడితే తెలిసే సంగతే. కాని శాస్త్రంలో రుజువు కావాలి కదా!

మార్గరెట్ లోమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఉంది. చిటారు కొమ్మలమీదికి ఎక్కి పరిశోధనలు చేయడంలో పేరు పొందిన ఆవిడ. ఆవిడ, అలెమాయెహు కలిసి పూజారులను పిలిచి కూర్చోబెట్టారు. మీ వనం మీద మాకు పెత్తనం వద్దు, ఏం చేస్తే నిలుస్తుందో మీరే చెప్పండన్నారు. తేలినదేమిటంటే, గోడ కట్టాలి. సిమెంటుతో కాదు, ఇటుకతో కాదు. చుట్టుపక్కల రైతుల పొలాల్లో నాగలికి అడ్డంపడే రాళ్ళున్నాయి చూడండి, వాటిని ఏరి తెచ్చి, సున్నమూ మట్టీ లేకుండా, ఒకదానిమీద ఒకటి పేర్చాలి. బయటినుంచి కొంత విరాళం వచ్చింది, ఊరివాళ్ళు ఒళ్ళు వంచారు. చేను శుభ్రపడింది, వనానికి కంచె దొరికింది. గోడకు ద్వారాలు పెట్టి మనుషులను రానిచ్చారు, పశువులను ఆపారు. ఝారా అనే ఊరి చర్చి ఇలా గోడ కట్టుకున్న తొలి వాటిల్లో ఒకటి. కొన్నిచోట్ల గోడను అడవి అంచుకు కాస్త దూరంగా కట్టారట. ఎందుకో తెలుసా? అడవి కాస్త బయటికి జరగడానికి చోటుండాలని. పిల్లవాడికి గౌను కుట్టించేటప్పుడు మడత వదిలి కుట్టిస్తామే, అలాగ!

పశువుల సంగతి గోడతో తీరింది. మనుషుల సంగతో? ఇదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తరువాత వచ్చిన పరిశోధకులు చెప్పేదేమంటే, వనాన్ని పాడుచేస్తున్న వాటిలో భక్తి కూడా ఒకటి! చర్చిని పెద్దది చేస్తామంటారు, కొన్ని చెట్లు పోతాయి. పండుగకు వచ్చే జనానికి వంటలు వండాలి, పొయ్యిలోకి కట్టెలు కావాలి. చనిపోయినవారిని చెట్ల నీడలో పాతిపెట్టడం పాత ఆచారం. పూర్వం మట్టిదిబ్బ వేసి వదిలేవారు, కొన్నాళ్ళకు మీద మొక్క మొలిచేది. ఇప్పుడు సిమెంటు సమాధి కడుతున్నారు, దానిమీద ఏం మొలుస్తుంది? పాత చెట్ల అడుగున పొదలు కొట్టేసి కాఫీ పెడతారు. సారా కాచుకోవడానికి పనికివచ్చే గెషో పొద పెడతారు. ఇవన్నీ పోనీ అనుకుంటే, జామాయిల్ వచ్చింది.

జామాయిల్ అనగానే మన ఖమ్మం, ప్రకాశం జిల్లాలవారు నవ్వుకుంటూ ఉండవచ్చు. అవును, అదే చెట్టు! 19వ శతాబ్దం చివర మెనెలిక్ చక్రవర్తి కాలంలో, అడిస్ అబాబా నగరానికి వంటచెరుకు చాలక ఆస్ట్రేలియానుంచి తెప్పించి పెంచారు. కొన్నేళ్ళకే కొట్టి అమ్ముకోవచ్చు, మళ్ళీ మొదట్లోనే చిగురిస్తుంది, డబ్బు చేతికొస్తుంది. పూజారికి జీతం ఇవ్వాలన్నా, చర్చి కప్పుకు రేకులు వేయాలన్నా డబ్బు కావాలి కదా. అందుచేత చర్చి వనం అంచునే జామాయిల్ నాటుతున్నారు. ఫోటోలో వనం పెరిగినట్టే కనిపిస్తుంది. దాని కింద మొలకలు మాత్రం అంతంతమాత్రమే. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. బీద సంఘం, పెద్ద ఖర్చులు. ఈ చిక్కు ఇథియోపియాకే ప్రత్యేకం కాదని మీకు కాసేపట్లో చెబుతాను.

చదువుకున్న సోదరి ఎవరైనా నన్నొక ప్రశ్న వేయవచ్చు – ‘ప్రకృతిని ఏలుకోమని మనిషికి అధికారం ఇచ్చినది బైబిలే కదా, ఇప్పుడు కాపాడమంటారేమిటి?’ అని. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాసి, నేటి ప్రకృతి వినాశానికి పాశ్చాత్య క్రైస్తవుల ఆలోచనే మూలమని కుండబద్దలు కొట్టాడు. చర్చివారికి కోపాలు వచ్చాయి, వాదోపవాదాలు జరిగాయి. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఏలుకోవడమనే ముక్కను పట్టుకున్నవారు, అదే ఆదికాండంలో రెండో అధ్యాయంలో తోటను సాగుచేస్తూ కాపలా కాయమని మనిషికి పని అప్పగించిన సంగతి మరిచారు. యజమానికీ తోటమాలికీ తేడా ఉంది కదా! ఆ తరువాత పెద్దలు కదిలారు. 1989లో ఆర్థోడాక్సు సంఘాల పెద్ద, పాట్రియార్క్ దిమిత్రియోస్, సెప్టెంబరు 1వ తేదీని సృష్టికోసం ప్రార్థించే దినంగా ప్రకటించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ‘లౌదాతో సీ’ అనే లేఖ రాసి, అదే సెప్టెంబరు 1ని కాథలిక్కులకూ ప్రార్థనదినం చేశాడు. ప్రకటనలు మంచివే. కాని ప్రకటన చదివి మొక్క మొలవదు.

ఇక మన చర్చిలకు వద్దాం. మన తెలుగు సంఘాల్లో సృష్టితో చుట్టరికం లేకపోలేదు సుమా. మట్టల ఆదివారంనాడు పిల్లలు పచ్చని మట్టలు పట్టుకొని పాడుకుంటూ వస్తారు. కోతపండుగనాడు మొదటి గుమ్మడికాయ, మొదటి అరటిగెల, బస్తా వడ్లు బలిపీఠం ముందు పెట్టి, తరువాత వేలం వేస్తారు. వేలంలో తోటి కోడలికి పోటీగా పాట పెంచి, పది రూపాయల సొరకాయ వందకు కొన్నవారు మనలో ఎంతమంది లేరు! శ్మశానాన్ని ‘సమాధుల తోట’ అంటాం. ఎంత చక్కని పేరో చూడండి. వెళ్ళి చూస్తే తోట ఏదీ? గ్రానైటు పలకలు, వాటిమధ్య కాలు పెట్టే చోటు లేకుండా సిమెంటు. నవంబరులో సమాధుల పండుగకు తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ దండలు మరుసటి నవంబరుకు కూడా అక్కడే రంగు వెలిసి పడివుంటాయి. బంతిపూల దండ అయితే వారంలో మట్టిలో కలిసేది.

క్రిస్మస్ నక్షత్రం సంగతి తెలుసు కదా. వెదురు బద్దలు చీల్చి, రంగుకాగితం అంటించి, లోపల దీపం పెట్టి కట్టేవారు. ఇప్పుడు థర్మోకోల్, ప్లాస్టిక్. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలను, గ్లాసులను, చెంచాలను 2022 జూలై 1 నుంచి కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. నిషేధం సంగతి ప్రేమవిందు వడ్డించేవారికి మాత్రం ఇంకా అందినట్టు లేదు! విందు ఎవరి చేతిలో ఉంది? మన చేతిలోనే. గ్లాసులు కొనితెచ్చేది మగవారైనా, ఏవి తేవాలో చీటీ రాసిచ్చేది మనం. చీటీలో ‘విస్తరాకులు, స్టీలు గ్లాసులు’ అని రాస్తే చాలు. గ్లాసులు ఎవరు కడుగుతారని అడుగుతారు. ఇంటికి రెండు డజన్లు తెచ్చుకొని ఎవరివి వారు పట్టుకెళితే కడగడం పెద్ద పనేం కాదు.

చర్చి కప్పు ఎంత పెద్దదో ఎప్పుడైనా గమనించారా? చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 300 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన అనుకోండి, 3 లక్షల లీటర్లు! గొట్టాలగుండా అది రోడ్డుమీదికి పోతోంది. వేసవిలో అదే చర్చివారు ట్యాంకరుకు డబ్బిచ్చి నీళ్ళు కొంటున్నారు. ఆవరణలో ఒక ఇంకుడుగుంత తవ్విస్తే బోరుకూ చెట్లకూ మేలు.

ఇప్పుడు మా సంఘంలో జరుగుతున్న సంగతి చెబుతాను. మా చర్చి ముంగిట ఒక చింతచెట్టు ఉంది. వయసెంతో ఎవరికీ తెలియదు. చింత కూడా ఆఫ్రికానుంచి వచ్చిన చెట్టేనని శాస్త్రజ్ఞులు చెబుతారు, చూశారా చుట్టరికం! ఏటా కాయ వేలంవేస్తే వచ్చే డబ్బు సంఘంఖాతాలో జమ అవుతుంది. పెళ్ళిభోజనాలు దానికిందే, వేసవి బైబిలు తరగతులు దానికిందే. చింత చిగురు మా వంటింట్లోకి రానిదే ఎండాకాలం వచ్చినట్టు కాదు. అటువంటి చెట్టును కొట్టించి, ఆవరణంతా పలకలు పరిపించి, కార్లు పెట్టుకొనే చోటు చేయాలని సంఘపెద్దలు ఆలోచన చేశారు. కారణాలు చెప్పారు. వేళ్ళు ప్రహరీగోడను పగలగొడుతున్నాయి, పిట్టలు కార్లమీద రెట్టలు వేస్తున్నాయి. ‘చింతచెట్టు చర్చిముందు మంచిది కాదు’ అని కూడా ఒకాయన గొణిగాడు. దయ్యాలను వెళ్ళగొట్టిన ప్రభువును కొలిచే చోట చింతచెట్టు దయ్యానికి భయపడడం ఏమిటో నాకు బోధపడలేదు!

స్త్రీల సమాజంవాళ్ళం పదిమందిమి కలిసి సమావేశానికి వెళ్ళాం. పాస్టరమ్మగారు కూడా వచ్చి వెనకవరసలో కూర్చున్నారు. నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని గనుక, మొదలు చుట్టూ పలకలు వేస్తే వేరుకు గాలి, నీరు అందక చెట్టు ఎలా చస్తుందో చెప్పాను. ఇథియోపియా కథా చెప్పాను. మర్యాదగా విన్నారు. తరువాత ఒక పెద్దాయన, ‘అంతా బాగానే ఉందమ్మా, ఆ ఆకు ఊడ్చేదెవరు?’ అన్నారు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా మా సమాజంలో అందరికంటే పెద్దావిడ, చదువు రానిది, లేచి నిలబడింది. ‘నలభై ఏండ్ల నుంచి ఊడుస్తున్నది ఎవరు బాబూ?’ అంది. అంతే! ఆ గదిలో కాసేపు పంకా చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

తీర్మానం ఆరోజుకు వాయిదా పడింది. వాయిదా అంటే గెలుపు కాదని మాకు తెలుసు. అందుకని ఇంజనీరుగారిని పట్టుకొని రెండు అంచనాలు వేయమన్నాం, చెట్టు తీసేస్తే ఒకటి, చెట్టును ఉంచి మొదలు చుట్టూ ఆరడుగులు మట్టినేల వదిలితే ఇంకొకటి. రెండోదానికి ఖర్చు కొంచెం తక్కువే అయింది. కాని చెట్టు ఉంటే ఆరు కార్లకు చోటు తగ్గుతుందట. ఆ ఆరు కార్లు ఎవరెవరివో మాకు తెలుసు. వచ్చే సమావేశం లోపల ఆ ఆరు ఇళ్ళకూ వెళ్ళి, మాట్లాడవలసినది మగవారితో కాదు గనుక, వంటిళ్ళలోనే కూర్చొని మాట్లాడి రావాలని అనుకున్నాం. రెండు ఇళ్ళు అయ్యాయి. ఇంకా నాలుగున్నాయి.

సెలవు.